అదే గుంతలో ఒకటి ఎండింది, ఒకటి నిలిచింది: కృష్ణా నది లంకలో ఖర్బూజా ఎండు తెగులు కేసు

కొల్లిపర వైపు కృష్ణా నది లంకలో రెండెకరాల ఖర్బూజా. 2024 డిసెంబరు మొదట్లో నాటారు. కోకోపీటు ట్రేల నారు, డ్రిప్పు, మల్చింగ్ షీటు, అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. తీగ సాగి పిందె పడే సమయానికి పాదులు ఒక్కొక్కటిగా వాడటం మొదలైంది. రైతు గుంటూరులో నా ల్యాబుకి వచ్చేసరికే కార్బెండజిమ్ ఒకసారి, కాపర్ ఆక్సీక్లోరైడ్ ఒకసారి డ్రిప్పులో వదిలారు. షాపువాళ్ళు అంటగట్టిన టానిక్ కూడా పడింది. ఎండటం మాత్రం ఆగలేదు.

తెగులు కొత్తదేమీ కాదు. అయినా ఈ కేసును రాస్తున్నది ఎందుకంటే, ఒకే పొలంలో, ఒకే గుంతలో, ఒక హైబ్రిడ్ చచ్చి ఇంకో హైబ్రిడ్ బతకడం ఇంత స్పష్టంగా దొరకడం అరుదు. జన్యువు అనే మాట రైతుకి చూపించి చెప్పగలిగిన సందర్భం ఇది.

"సార్, ప్యాకెట్టు మీద రెసిస్టెంట్ అని రాసుంది. ఫొటో తీసి పెట్టుకున్నా, చూడండి" అని ఫోను చేతికిచ్చారు. చూస్తే హెచ్‌ఆర్ అని, దాని పక్కన పీఎక్స్ 1, 2 అని ఉంది. హెచ్‌ఆర్ అంటే గట్టిగా తట్టుకునే గుణం. ఐఆర్ అని ఉంటే ఒక మోస్తరుగా తట్టుకుంటుందని. పీఎక్స్ అంటే పోడోస్ఫేరా జాంథీ, అంటే బూడిద తెగులు శిలీంధ్రం. అంకెలు దాని రేసులు, అంటే ఆ శిలీంధ్రంలోనే వేర్వేరు తెగలు.

"బాబాయ్, ఇది ఆకు మీద వచ్చే బూడిద తెగులుకి. మీ పాదులు వేరు దగ్గర నుంచి పోతున్నాయి."

"షాపాయన అన్నిటికీ తట్టుకుంటదన్నాడే!"

ప్యాకెట్టు అబద్ధం చెప్పలేదు. ఆ పొలంలో నిజంగానే ఒక్క ఆకు మీద కూడా బూడిద లేదు.

పొలంలో కనిపించింది

వాడిన పాదుల్లో చాలావాటికి ఒక పక్క తీగ పచ్చగా, రెండో పక్క పసుపుగా ఉంది. మొదలుకి దగ్గర్లో కాండం మీద పొడుగ్గా గోధుమ రంగు చార, అక్కడక్కడ తేనె రంగు జిగురు. పూర్తిగా చచ్చిన పాదుల మీద తెల్లగా, కాస్త గులాబీ రంగులో బూజు. కాండాన్ని నిలువుగా చీలిస్తే నీటి నాళాలు గోధుమ రంగుకి తిరిగాయి. ఇవన్నీ ఎండు తెగులు శిలీంధ్రమైన ఫ్యుజేరియం వైపే చూపిస్తున్నా, జిగురు కనిపించగానే బంక తెగులు కూడా అనుమానించాలి. బంక తెగులైతే కాండం పైపొర కుళ్ళి, అందులో నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఆకుల మీద కూడా మచ్చలుంటాయి. ఇక్కడ అవేమీ లేవు. కాండం ముక్కను గ్లాసు నీళ్ళలో వేలాడదీసి చూశాను, పాలలాంటి ధార దిగలేదు కాబట్టి బ్యాక్టీరియా కాదు. వేళ్ళు కడిగి చూస్తే నులిపురుగుల బుడిపెలు కొన్ని పాదులకే, అవీ తక్కువగానే ఉన్నాయి.

అసలు ఆధారం నడిమి సాళ్ళలో దొరికింది. మొదట చచ్చిన పాదుల చోట రైతు ఖాళీలు పూడ్చారు. అప్పటికి తను కొన్న రకం నారు అయిపోవడంతో నర్సరీ వాళ్ళు వేరే కంపెనీ హైబ్రిడ్ నారు ఇచ్చారు. మొదటి రకాన్ని ఇక్కడ 'అ' అని, రెండోదాన్ని 'ఆ' అని పిలుస్తాను. 'అ' చచ్చిన గుంతల్లోనే 'ఆ' మొక్కలు నాటారు. నేను వెళ్ళేటప్పటికి చుట్టూ 'అ' పాదులు వాలిపోయి ఉంటే, మధ్యలో 'ఆ' పాదులు చిన్నవే అయినా నిటారుగా, ముదురాకుపచ్చగా ఉన్నాయి. 'ఆ' రకాన్ని విడిగా ఒక పక్కన వేసి ఉంటే, అక్కడి మట్టి శుభ్రంగా ఉందేమో అనుకునేవాణ్ణి. చచ్చిన గుంతలోనే బతికిందంటే ఇక ఆ మాటకు చోటు లేదు. మిగిలిన సందేహం ఒక్కటే: తర్వాత నాటినవి కాబట్టి ఇంకా లేతవి, ముందు ముందు చావొచ్చు. అందుకే కుండీ పరీక్ష అవసరమైంది.

పొలం చరిత్ర అడిగితే ఇంకో సంగతి బయటపడింది. అంతకు ముందు రెండేళ్ళు అక్కడ పసుపు దోస వేశారు. రెండో ఏడు దోస పాదులు కూడా కొన్ని ఎండాయట. "అందుకే పంట మార్చి ఖర్బూజా వేశానండీ" అన్నారు. పంట మార్పిడి చేశానని ఆయన నమ్మకం. మనం పప్పులో వేసుకునే గుండ్రటి పసుపు దోసకాయ, ఖర్బూజా, వడియాలు పెట్టే బుడమకాయ, మూడూ ఒకే జాతి, కుకుమిస్ మెలో. పక్కపక్కన వేస్తే ఒకదాని పుప్పొడితో ఇంకొకటి కాయ కడుతుంది. వీటికి 12 జతల క్రోమోజోములు. సలాడ్‌లో కోసుకునే కీరాకి 7 జతలే, అది వేరే జాతి. ఖర్బూజాను ఎండబెట్టే శిలీంధ్రానికి, అంటే ఫ్యుజేరియం ఆక్సిస్పోరం మెలోనిస్‌కి, పసుపు దోస కూడా సొంత ఇల్లే. కాబట్టి ఆయన పంట మార్చలేదు, మూడో ఏడు కూడా దానికి అదే మేత వేశారు. కీరా, పుచ్చ వేసి ఉంటే పరిస్థితి వేరు. వాటికి వాటి సొంత ఫ్యుజేరియం రూపాలున్నాయి.

దీనికి తోడు 2024 సెప్టెంబరు వరద. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించిన ఆ వరదకి లంకలన్నీ మునిగాయి. ఎవరి పొలం మట్టి ఎవరి పొలంలోకి చేరిందో చెప్పలేం. వరద వల్లే తెగులు వచ్చిందని కొందరు తేల్చేశారు గానీ, దోస ఎండింది వరదకు ముందే. వరద దాన్ని పరిచి ఉండొచ్చు, పుట్టించలేదు.

కుండీ పరీక్ష

కాండం ముక్కల్ని పైన శుద్ధి చేసి బంగాళాదుంప డెక్స్ట్రోజ్ అగార్ మీద పెట్టాం. తెల్లటి, అడుగున ఊదా రంగు తిరిగిన శిలీంధ్రం పెరిగింది. మైక్రోస్కోపు కింద కొడవలి ఆకారపు పెద్ద కొనిడియాలు (శిలీంధ్ర బీజాలు), పొట్టి పీఠాల మీద గుంపులుగా చిన్న కొనిడియాలు, మందపాటి గోడ ఉన్న క్లామిడోస్పోర్లు కనిపించాయి. ఫ్యుజేరియం ఆక్సిస్పోరం అనడానికి ఇవి చాలు. అక్కడితో ఆగిపోయి రిపోర్టు ఇచ్చేస్తే మాత్రం పొరపాటే. ఏ పొలం మట్టి తీసుకున్నా ఏదో ఒక ఆక్సిస్పోరం దొరుకుతుంది. చాలావరకు చచ్చిన వేళ్ళ మీద బతికే అమాయకులే. ఖర్బూజాను చంపే రూపం ఏదో మైక్రోస్కోపు చెప్పలేదు, మొక్క చెప్పాలి.

అందుకని 'అ', 'ఆ', పసుపు దోస, కీరా, పుచ్చ నారు పెంచి, మొదటి అసలాకు విచ్చాక వేళ్ళు కడిగి, కొసలు కొద్దిగా కత్తిరించి, మిల్లీలీటరుకు సుమారు 10 లక్షల కొనిడియాలున్న నీళ్ళలో ముంచి, ఆవిరి పట్టిన మట్టిలో నాటాం. వట్టి నీళ్ళలో ముంచినవి పోలికకు పక్కన పెట్టాం. జనవరి కావడం కలిసొచ్చింది. ఈ తెగులుకి 18 నుంచి 25 డిగ్రీల మట్టి వేడి బాగా అనుకూలం, 30 దాటితే లక్షణాలు బాగా తగ్గిపోతాయి. ఏప్రిల్‌లో మన నీడ కుండీల్లో ఇదే పరీక్ష చేస్తే అన్ని రకాలూ తట్టుకుంటున్నాయని తేలినా ఆశ్చర్యం లేదు.

రెండు వారాలు దాటేసరికి 'అ' మొక్కలు, పసుపు దోస మొక్కలు వాలాయి. దోస ముందు పోయింది. 'ఆ' ఎదుగుదలలో కాస్త వెనకబడింది గానీ ఎండలేదు, చీల్చి చూస్తే నాళాలు తెల్లగానే ఉన్నాయి. కీరా, పుచ్చ మామూలుగా ఉన్నాయి. చచ్చిన మొక్కల నుంచి మళ్ళీ అదే శిలీంధ్రం బయటికి వచ్చింది. దాంతో రోగం ఖాయమైంది.

ప్యాకెట్టు మీది అంకెల వెనక

నర్సరీ వాళ్ళని అడిగి 'ఆ' రకం ప్యాకెట్టు తెప్పించాం. దాని మీద హెచ్‌ఆర్, ఎఫ్‌ఓఎం 0, 1 అని ఉంది. ఎఫ్‌ఓఎం అంటే ఫ్యుజేరియం ఆక్సిస్పోరం మెలోనిస్. ఈ చిన్న అక్షరాల వెనక చాలా కథ ఉంది.

ఖర్బూజా ఫ్యుజేరియానికి నాలుగు రేసులు: 0, 1, 2, 1.2. ఈ పద్ధతి 1976లో స్థిరపడింది. రేసుకి పేరు పెట్టడంలోనే దాని గుణం ఉంది: ఏ జన్యువుని దాటగలిగితే ఆ జన్యువు అంకే దాని పేరు. మొక్క వైపు రెండు ముఖ్యమైన జన్యువులున్నాయి, వాటి పేర్లలోనూ అవే అక్షరాలు: ఎఫ్‌ఓఎం-1, ఎఫ్‌ఓఎం-2. మొదటిది 9వ క్రోమోజోము మీద ఉండి 0, 2 రేసుల్ని ఆపుతుంది. రెండోది 11వ క్రోమోజోము మీద ఉండి 0, 1 రేసుల్ని ఆపుతుంది. రేస్ 0 ఏ జన్యువూ లేని మొక్కనే చంపగలదు. రేస్ 1 మొదటి జన్యువుని దాటుతుంది, రేస్ 2 రెండోదాన్ని, 1.2 రెండింటినీ.

ఈ జన్యువులు చేసేది మందు తయారీ కాదు, గుర్తుపట్టడం. ఊరి కాపలావాడికి ఒక దొంగ మొహం బాగా తెలిసినట్టు, ఎఫ్‌ఓఎం-2 తయారు చేసే ప్రోటీనుకి శిలీంధ్రం వదిలే ఒకానొక ప్రోటీను తెలుసు. అది కనిపించగానే మొక్క రక్షణ చర్యలు మేల్కొంటాయి, శిలీంధ్రం నీటి నాళాల్లో పైకి పాకకుండా ఆగిపోతుంది. ఎఫ్‌ఓఎం-2 డీఎన్‌ఏ వరుస 2004లో బయటపడింది. శిలీంధ్రం వైపు జోడీ, ఏవీఆర్‌ఎఫ్‌ఓఎం-2, 2016లో దొరికింది. రేస్ 2, రేస్ 1.2 శిలీంధ్రాల్లో చూస్తే, శిలీంధ్రం వైపు ఉండాల్సిన ఈ జోడీ అసలు లేదు, లేదంటే మారిపోయి ఉంది. అంటే శిలీంధ్రం గెలవడానికి కొత్త ఆయుధం అక్కర్లేదు. తనని పట్టించే గుర్తు ఒక్కటి చెరిపేసుకుంటే చాలు. రైతులకి చెప్పేటప్పుడు నేను అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. రకం బలహీనపడింది, విత్తనం పాతదైపోయింది అంటుంటారు గానీ, విత్తనంలో జన్యువు ఎక్కడికీ పోదు. మారేది అవతలివాడు.

ఎఫ్‌ఓఎం-1 సంగతి ఇంకాస్త తమాషాగా ఉంటుంది. 2013లో దాన్ని పట్టుకున్నప్పుడు, పక్కనే తలకి తల ఆనించినట్టు ఇంకో జన్యువు కనిపించింది. అది బొప్పాయి రింగ్ స్పాట్ వైరస్‌ని తట్టుకునే జన్యువు. వైరస్ ఉన్న ప్రాంతాలకి రకాలు తయారు చేసేవాళ్ళు ఈ జంటను కలిపి లాక్కోవచ్చు.

మన కేసుకి వద్దాం. 'ఆ' నిలిచింది కాబట్టి మట్టిలో ఉన్నది 2 గానీ 1.2 గానీ కాదు. ఉన్నది 0 లేదా 1. ఈ రెండింటినీ విడదీయాలంటే ఎఫ్‌ఓఎం-1 ఒక్కటే ఉన్న డూబ్లాన్ లాంటి పరీక్ష రకం కావాలి, అది నా దగ్గర లేదు. రైతు నిర్ణయానికి దాని అవసరం కూడా లేదు, రెండింటికీ ఎఫ్‌ఓఎం-2 సరిపోతుంది. 'ఆ' ఆకుల్ని హైదరాబాద్‌లో ఒక ల్యాబుకి పంపి జన్యువుని డీఎన్‌ఏలో గుర్తుపట్టే మార్కరు పరీక్ష చేయిస్తే, ఆ జన్యువుకున్న రెండు ప్రతుల్లో (కాపీల్లో) ఒకటి తట్టుకునేది, ఒకటి తట్టుకోనిది అని వచ్చింది. హైబ్రిడ్ కదా, ఒక్క తల్లి గానీ తండ్రి గానీ ఇచ్చి ఉంటుంది. ఈ జన్యువు డామినెంట్ కాబట్టి ఒక్క ప్రతి చాలు.

1.2 వచ్చి ఉంటే సంగతి వేరు. దానికి ఒక్క పెద్ద జన్యువు లేదు, చిన్న చిన్నవి చాలా కలిసి కొంత తట్టుకునేలా చేస్తాయి. అలాంటి ప్యాకెట్ల మీద ఐఆర్ అనే ఉంటుంది, హెచ్‌ఆర్ ఉండదు. అప్పుడు గుమ్మడి హైబ్రిడ్ వేరుమూలం మీద అంటు కట్టిన నారే నయం. అంటునారు ఖరీదు ఎక్కువ, ఇక్కడ అవసరం లేదు.

బూడిద తెగులు గురించి ఒక మాట, ఎందుకంటే 'అ' ప్యాకెట్టులో ఉన్నది ఆ రక్షణే. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ వ్యాలీలో ఖర్బూజాను బూడిద తెగులు నాశనం చేస్తుంటే, భారతదేశం నుంచి వెళ్ళిన విత్తనాల్లోని నిరోధక గుణంతో పీఎంఆర్ 45 అనే రకాన్ని తయారు చేసి 1936లో వదిలారు. 1938లోనే దాన్ని దాటే కొత్త రేసు వచ్చేసింది. అక్కడి నుంచే ప్యాకెట్టు మీద పీఎక్స్ పక్కన అంకెలు పెరుగుతూ వచ్చాయి. ఎంఆర్-1 అనే మరో ప్రసిద్ధ వంశం కూడా పీఐ 124111 అని అమెరికా విత్తన బ్యాంకులో నంబరున్న భారతీయ ఖర్బూజా నుంచి వచ్చిందే. ఎండు తెగులు 0, 1, 2 రేసుల్నీ, బూడిద తెగులునీ, బూజు తెగులునీ కూడా తట్టుకుంటుంది. 2019లో 1,175 రకాల డీఎన్‌ఏ చదివి చూసినప్పుడు, ఖర్బూజాను మనుషులు మూడు వేర్వేరు సార్లు సాగులోకి తెచ్చారని, అందులో రెండు మన దేశంలోనే అని తేలింది. ఇన్ని రకాలున్న దేశంలో షాపులో మన చేతికొచ్చే ప్యాకెట్టు మీద ఎఫ్‌ఓఎం అన్న అక్షరాలు వెతుక్కోవాల్సి రావడం నాకైతే చిరాకే.

ఏం చెప్పాం, ఏం జరిగింది

ఆ సీజన్‌లో చేయగలిగింది తక్కువ. నాళాల్లోకి వెళ్ళిన శిలీంధ్రాన్ని డ్రిప్పులో వదిలే మందు బయటికి తేలేదు. ఎండిన పాదుల్ని వేళ్ళతో సహా పీకించి కాల్పించాం. ఇంకా నిలబడిన 'అ' పాదులకి అమ్మోనియా రూపంలో ఉన్న నత్రజని ఆపించి, నైట్రేటు రూపంలో తగ్గించి ఇప్పించాం. నీటి ఎద్దడి రాకుండా తడులు దగ్గర చేయించాం. కొన్ని కాయలు దక్కాయి, పెట్టుబడి మాత్రం రాలేదు.

రెండో ఏటికి నేను మొదట చెప్పింది ఫిబ్రవరిలో నాటమని. మట్టి వేడెక్కాక తెగులు తనంతట తానే సగం తగ్గుతుంది. "రంజాన్ దాటాక కాయ ఎవడు కొంటాడండీ?" అన్నారు. నిజమే. 2026లో రంజాన్ నెల ఫిబ్రవరి మూడో వారంలో మొదలైంది. విజయవాడ మార్కెట్టులో అప్పటికి కాయ ఉండాలంటే డిసెంబరు మొదట్లో నాటక తప్పదు. పుస్తకంలో సరైన సలహా, మార్కెట్టులో పనికిరాలేదు. కాబట్టి భారమంతా రకం మీద, మట్టి మీద పెట్టాం.

2025 వేసవిలో బాగా దెబ్బతిన్న ముక్కని తడిపి, పారదర్శక ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు మట్టితో మూసి ఏప్రిల్, మే ఎండల్లో ఆరు వారాలు ఉంచాం. పాత మల్చింగ్ షీటే కప్పొచ్చు కదా అని పక్క రైతులు అడిగారు. వెండి, నలుపు రంగు షీటు ఎండని లోపలికి పంపదు, మట్టి అంత వేడెక్కదు. తర్వాత ఆ ముక్కలో మొక్కజొన్న వేశారు. క్లామిడోస్పోర్లు మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటాయి కాబట్టి అక్కడ ఖర్బూజా, దోస, బుడమ మూడూ కొన్నేళ్ళు వద్దన్నాను. మిగతా భూమిలో 'ఆ' రకమే వేశారు. మొక్కలు నిలిచాయి. కాయ తొక్క మీద వలలాంటి గీతలు 'అ' రకమంత అందంగా రాలేదని, వ్యాపారి కాస్త ధర తగ్గించాడని గొణిగారు గానీ, లెక్క చూస్తే మిగిలింది.

ఈలోగా ఆయన బావమరిది ఒక పని చేశాడు. 'ఆ' రకం పండ్లు తిని, గింజలు కడిగి ఆరబెట్టి, "ఇది చావని విత్తనం" అని తన చేలో కొంత మేర వేసుకున్నాడు. నేను ముందే వద్దన్నాను. ఒక్క ప్రతే ఉన్న హైబ్రిడ్ గింజ వేస్తే, వచ్చే మొక్కల్లో నాలుగింట ఒకటికి ఎఫ్‌ఓఎం-2 అసలు ఉండదు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అనుకున్నట్టే ఎండాయి, నాలుగో వంతు కంటే కాస్త తక్కువే. తెగులు చేను మొత్తం సమానంగా ఉండదు, జన్యువు లేని మొక్క కూడా శుభ్రమైన చోట పడితే బతికిపోతుంది. బతికిన పాదుల కాయలైనా ఒక్క తీరున లేవు. కొన్ని పొడుగు, కొన్ని గుండ్రం, కొన్నిటికి వల లేదు, తీపి ఒక్కో పాదుకి ఒక్కో రకం. విజయవాడ పంపడానికి పనికిరాక ఊళ్ళోనే అమ్ముకున్నాడు.

ఇక మిగిలిన పని ఒకటుంది. సీజను చివర్లో రైతు పొలంలో, వరద మట్టి ఎక్కువగా చేరిన గట్టు వైపు, 'ఆ' పాదులు రెండు మూడు వాడాయి. ఒకదాన్ని చీలిస్తే నాళాలు గోధుమ రంగులో ఉన్నాయి. దాని వేళ్ళకి నులిపురుగుల బుడిపెలు కూడా బాగానే ఉన్నాయి. శిలీంధ్రాన్ని వేరు చేసి ఫ్రిజ్‌లో పెట్టాను. వచ్చే డిసెంబరులో చలి రాగానే 'ఆ' మీద, ఎఫ్‌ఓఎం 0, 1, 2 అని రాసున్న ఇంకో హైబ్రిడ్ మీద ముంచి చూస్తాం. రెండూ నిలిస్తే తప్పు నులిపురుగులది, వైద్యం వాటికే. 'ఆ' ఎండి రెండోది నిలిస్తే మట్టిలో రేస్ 2 ఉన్నట్టు, విత్తనం మార్చాలి. రెండూ ఎండితే మాత్రం అంటునారు ఖరీదు గురించి రైతుతో కూర్చుని మాట్లాడాలి. అప్పటిదాకా గట్టు వైపు సాళ్ళలో కీరా వేయమన్నాను.